పొలం పనిలో పిల్లల్ని ఎంతవరకు కలుపుకోవాలి? (చేవెళ్ళ దగ్గర మూడెకరాలు, ఇద్దరు పిల్లలు)

తంగేడుపూలు
చేవెళ్ళ మండలం, ఇంతకుముందు మియాపూర్
జూన్ 7, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. సొంత నేలలో సొంత తిండి పండించుకుంటూ పిల్లల్ని పెంచుతున్నవాళ్ళు ఇక్కడ చాలామందే ఉన్నారు. అందుకే నేరుగా అడుగుతున్నాను.

మాది మూడెకరాలు. ఎకరం వరి, మిగతాదాంట్లో కంది, జొన్న, కాసిన్ని నువ్వులు, ఇంటి వెనక కూరగాయల మళ్ళు. రెండు ఆవులు, నాటుకోళ్ళు ఉన్నాయి. ఉప్పు, చక్కెర, చాయపత్తి తప్ప వంటింట్లోకి వచ్చేదంతా ఇక్కడే పండాలని మా ఇద్దరి పట్టుదల. ఈ సంవత్సరం నుంచి పూర్తిగా ఇక్కడే ఉంటున్నాం. మా ఆయన వారంలో రెండు రోజులు గచ్చిబౌలి ఆఫీసుకు వెళ్తారు, మిగతా రోజులు ఇంటి నుంచే పని.

బాబుకి 13 ఏళ్ళు, పాపకి 9. పాప ఏ పనైనా ఎగిరి గంతేసి మొదలుపెడుతుంది, నాలుగు రోజులకు మర్చిపోతుంది. బాబు మొదలే పెట్టడు. "ఇక్కడికి రావాలనుకుంది మీరు, నేను కాదు" అంటాడు. వాడు అన్నదాంట్లో అబద్ధం లేదు, అందుకే నాకు మాట రాదు.

మా అత్తగారేమో "చదువుకునే పిల్లల చేత పేడ ఎత్తిస్తారా, దీనికేనా మిమ్మల్ని పట్నంలో చదివించింది" అంటారు. పక్క చేను పెద్దాయన మాత్రం "ఇప్పుడు నడుం వంచకుంటే ఇగ ఎప్పుడు వంచరు" అంటారు. 12న బడులు తెరుస్తారు, అదే వారంలో విత్తనాల పని మీద పడుతుంది. బడి ఉన్న రోజుల్లో పిల్లలకు ఎంత పని చెప్పొచ్చు? పనికి డబ్బులివ్వాలా? ఇష్టం లేదంటే వదిలేయాలా? మీ ఇళ్ళల్లో ఎలా జరుగుతోందో ఉన్నదున్నట్టు చెప్పండి.

---

మోటబావి
షాబాద్
జూన్ 7, రాత్రి 10:25

చెల్లె, "గా బకీటు తే, గీ పైపు పట్టు, ఆవులకు గడ్డెయ్" అని దినమంత పురమాయిస్తే పెద్దమనిషికే యాష్టకొస్తది, పొలగాండ్ల సంగతి చెప్పాల్నా? ఆ పని యాడ షురువైందో, యాడ ఒడుస్తదో వాళ్ళకు తెల్వది. ఒక్క పని మొదట్నుంచి చివరిదాక అప్పజెప్పు. అండ్ల మంచైనా చెడైనా వాళ్ళదే ఉండాలె.

పాపకు కోడిని పొదగేసుడు అప్పజెప్పు. ఉత్త గుడ్లేరుడు వద్దు, మొత్తం పని ఇయ్యి. మంచి గుడ్లు పది పన్నెండు ఏరి, ఒక్కోదాని మీద పెన్సిల్‌తోని తారీఖు రాయమను. గంపల వరిగడ్డి పరిచి మాపటీలి కోడిని కూసోబెట్టాలె. ఏడో దినం రాత్రి ఫోన్ లైటు మీద గుడ్డు ఆనిచ్చి చూస్తే లోపల నల్లగ ఒక చుక్క, దాని సుట్టూత సన్నసన్న ఎర్ర నరాలు కనవడ్తయి. అవేమీ లేకుంట తేటగ ఉన్నదంటే అండ్ల పిల్ల లేనట్టు, తీసెయ్యాలె. అది ఒక్కసారి చూసినంక పాప నాలుగు దినాలకు మర్చిపోదు, రాసిపెట్టుకో. 21వ దినానికి గుడ్డు చెవికాడ పెట్టుకుంటే లోపల్నుంచి కిచకిచ వినవస్తది. అప్పుడు మాత్రం పక్కన నువ్వుండు. పిల్ల బయటికి వస్తలేదని జాలిపడి పెంకు ఒలుస్తరు పిల్లలు. తొందరపడి ఒలిస్తే నెత్తురు కారి సస్తది. దానంతట అదే రావాలె.

గద్ద ఎత్తుకపోతది, పిల్లి తింటది. పాప ఏడుస్తది. ఏడ్వనియ్యి. తెల్లారి గూటికి జాలి కట్టేటప్పుడు నీకన్న గట్టిగ కడ్తది.

పొలగాని సంగతి వేరే. ఆ వయసోనికి కోళ్ళు ఇస్తే నవ్వుతడు. వానికి మోటరు, పైపులు, లెక్కలు ఇట్లాంటివి సూడు.

---

గండిపేట_గాలి
మణికొండ
జూన్ 8, ఉదయం 7:15

మాది శంకర్‌పల్లి దారిలో అరెకరం, ఆదివారాలే వెళ్తాం. కోళ్ళు, ఆవులు కుదరవు. పిల్లలు చెట్టుకింద ఫోన్ పట్టుకుని కూర్చుంటారు. మాలాంటివాళ్ళం ఏం చేయాలి?

---

మోటబావి
జూన్ 8, ఉదయం 7:40

వారం వారం చూసుకుంటే చాలు అనే పంట ఇయ్యి అన్నా. తొలకరిల నాలుగు గుమ్మడి గింజలు, ఒక సాలు కంది. కంది చేతికొచ్చేసరికి సంక్రాంతి అయితది. ఒకటి గుర్తుంచుకో, వాళ్ళు రాని వారం నువ్వు పోయి వాళ్ళ సాలు కలుపు తియ్యకు.

---

బడిపంతులు
వికారాబాద్, విశ్రాంత ఉపాధ్యాయుడు
జూన్ 8, మధ్యాహ్నం 1:05

అమ్మా, ముందు చట్టం ఏమంటుందో తెలిసి ఉంటే మంచిది. బాల కార్మిక చట్టం 1986లో వచ్చింది, 2016లో సవరించారు. 14 ఏళ్ళలోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టుకోకూడదు. ఒక మినహాయింపు మీలాంటి ఇళ్ళకు వర్తిస్తుంది. బడి అయ్యాక గానీ, సెలవుల్లో గానీ, ప్రమాదం లేని పనిలో పిల్లలు సొంత కుటుంబానికి సాయం చేయొచ్చు. కుటుంబం అంటే ఎవరెవరో కూడా అందులో రాశారు: అమ్మ, నాన్న, తోబుట్టువులు, తల్లిదండ్రుల తోబుట్టువులు. 14 నుంచి 18 మధ్య వాళ్ళకు ప్రమాదకరమైన పనులు నిషేధం. ఈ గీత లోపల ఉంటే మీరు చేసేది తప్పు కాదు.

ఇక చదువు, చేతిపని కలవాలన్న ఆలోచన మనకు కొత్తది కాదు. 1937లో వార్ధాలో గాంధీగారు నయీ తాలీమ్ ప్రతిపాదించినప్పుడు దానికి పాఠ్య ప్రణాళిక రాసిన సంఘానికి అధ్యక్షుడు జాకిర్ హుస్సేన్, తర్వాత రాష్ట్రపతి అయినాయన, మన హైదరాబాదులో పుట్టినవాడే. చేయి చేసే పని నుంచే లెక్కలు, భాష, సైన్సు నేర్పాలన్నది అందులో సారం. అయితే పిల్లలు చేసిన వస్తువుల అమ్మకంతోనే బడి ఖర్చు గట్టెక్కాలన్న ముక్క మీద అప్పుడే అభ్యంతరాలు వచ్చాయి. నా ఉద్దేశంలో ఆ అభ్యంతరం సరైనది. మీ ఇంటికీ అదే చెప్తాను. పిల్లలు ఒక వారం చేయి వేయకపోయినా పొలం నడవాలి. వాళ్ళు లేకపోతే పాలు పితకడం ఆగిపోతుంది, నారు ఎండిపోతుంది అనే స్థితి ఉందంటే మీరు కూలి మనిషిని పెట్టుకోవాలి, లేదా ఒక ఆవును తగ్గించుకోవాలి.

బడి ఉన్న రోజు అరగంట, ముప్పావుగంట మించవద్దు. హోంవర్క్, ఆట, నిద్ర వీటిలో దేన్నీ పొలం తినకూడదు. ఆరో తరగతి పిల్లవాడు మొదటి పీరియడ్‌లోనే కునుకుతుంటే, తెల్లవారుజామున వాడు ఎక్కడ ఉన్నాడో నాకు తెలిసేది. నా ఉద్యోగంలో అలాంటి పిల్లల్ని చాలామందిని చూశాను.

---

పత్తిచేను
ఉప్పల్
జూన్ 8, రాత్రి 11:10

రెండు రోజులుగా చదువుతున్నాను. రాయకుండా ఉండలేకపోతున్నాను.

నేను పాలమూరు జిల్లాలో పత్తి విత్తన చేలల్లో పనిచేసిన పిల్లను. మీరు కొనే హైబ్రిడ్ పత్తి విత్తనం ఎలా తయారవుతుందో ఇక్కడ ఎంతమందికి తెలుసో నాకు తెలీదు. సాయంత్రం పూట ఆడ వరుసలో మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను పట్టుకుని, గోటితో రేకులూ పుప్పొడి తిత్తులూ ఒలిచేయాలి, లోపలి కీలం చిట్లకుండా. గుర్తుకు ఎర్ర కాగితం చుట్టాలి. తెల్లారి మగ వరుస నుంచి పువ్వు తెంపుకొచ్చి దానికి రుద్దాలి. ఒక పువ్వుతో కొన్ని మొగ్గలకే సరిపోతుంది, మళ్ళీ ఇంకోటి. ఇది నెలల తరబడి, ఒక్క రోజు కూడా ఆగకుండా చేయాలి. చేను మా ఎత్తే ఉంటుంది, మా వేళ్ళు సన్నగా ఉంటాయి, మా కూలి తక్కువ, ఎదురు మాట్లాడం. అందుకే ఆడపిల్లల్ని పెట్టుకునేవాళ్ళు. పంట మొదట్లోనే అమ్మానాన్నలకు అడ్వాన్సు ఇచ్చేసేవాళ్ళు. మందు కొట్టిన మర్నాడే చేలోకి దిగేవాళ్ళం. తలనొప్పి, వాంతులు వస్తే ఎండ దెబ్బ అనేవాళ్ళు.

"పని పిల్లలకు మంచిది" అనే మాట నేను అప్పుడు కూడా విన్నాను. మా చేను యజమాని అనేవాడు, ఊరి పెద్దలు అనేవాళ్ళు. మీ అందరి మనసు మంచిదని నాకు తెలుసు. కానీ ఆ మాట అనేముందు ఎవరి పిల్లలకు, ఎవరి చేలో, ఎవరి లాభానికి అని అడగండి.

నేను బడికి తిరిగి వచ్చానంటే, మా ఊళ్ళో ఒక టీచరమ్మ మా అమ్మతో పట్టుబట్టి మాట్లాడింది. ఇదే రంగారెడ్డి జిల్లాలో 1991 నుంచి ఎం.వి. ఫౌండేషన్ వాళ్ళు వెట్టి పిల్లల్ని విడిపించి, శిబిరాల్లో చదువు చెప్పి, వయసుకు తగ్గ తరగతిలో చేర్చారు. ఆ సంస్థను నడిపించిన శాంతా సిన్హా గారికి 2003లో మెగసెసే అవార్డు వచ్చింది ఈ పనికే. బడిలో లేని ప్రతి బిడ్డా బాల కార్మికులే అన్నది వాళ్ళ సూత్రం. పొలం చేస్తానని బడి మాన్పించే ఆలోచన మీలో ఎవరికైనా ఉంటే, దయచేసి వద్దు.

మీ పాపకు కోడిపిల్లలు అప్పజెప్పండి అక్కా, చాలా మంచిది. తనకు వద్దనిపించిన రోజు "ఈ రోజు నా వల్ల కాదమ్మా" అని చెప్పే వీలు మాత్రం ఉంచండి. మాకు లేనిది అదొక్కటే.

---

తంగేడుపూలు
జూన్ 9, ఉదయం 6:30

పత్తిచేను గారూ, మీరు రాసింది మా ఆయనా నేనూ కూర్చుని చదివాం. బడి మాన్పించే ఆలోచన మాకు లేదు, ఎప్పటికీ ఉండదు.

మీ మాట చదివాక ఇంకో విషయం అడగక తప్పడం లేదు. మా దగ్గర కలుపుకు వచ్చే అక్క తన కూతుర్ని వెంట తెస్తుంది. పదేళ్ళుంటాయి. వేరే జిల్లా నుంచి వచ్చారు, ఆ అమ్మాయిని ఇక్కడ ఏ బడిలోనూ చేర్చలేదు. ముందు గట్టు మీద కూర్చునేది, ఇప్పుడు తల్లి పక్కన సాలు పట్టి కలుపు తీస్తోంది. నేను చెప్పలేదు, వద్దని కూడా అనలేదు. ఆ పక్కనే మా పాప చిన్న కుర్పి పట్టుకుని సరదాగా తవ్వుతుంటే నాకు మనసు కుదుటపడటం లేదు. ఏం చేయాలి?

---

పత్తిచేను
జూన్ 9, ఉదయం 8:20

అడిగారు, సంతోషం.

మీ పాపకు వర్తించే మినహాయింపు ఆ అమ్మాయికి వర్తించదు. ఆ చేను వాళ్ళది కాదు, మీది. తల్లి పక్కనే ఉన్నా సరే, ఆ పిల్ల మీ చేలో పని చేస్తే చట్టం మిమ్మల్నే అడుగుతుంది. 20 వేల నుంచి 50 వేల దాకా జరిమానా, లేదా ఆరు నెలల నుంచి రెండేళ్ళ జైలు, లేదా రెండూ. భయపెట్టాలని కాదు, విషయం ఇంత పెద్దదని చెప్పడానికి రాశాను.

"రేపటి నుంచి పిల్లను తీసుకురావద్దు" అని ఊరుకుంటే ఆ అమ్మాయి వేరే చేలో తేలుతుంది. తల్లితో నెమ్మదిగా కూర్చుని మాట్లాడండి. చాలామంది తల్లులకు కాగితాల భయం. టీసీ లేదు, పుట్టిన తేదీ సర్టిఫికెట్ లేదు, ఎవరు చేర్చుకుంటారు అనుకుంటారు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం వయసు రుజువు లేదని బడిలో చేర్చుకోకుండా ఉండకూడదు, టీసీ ఆలస్యమైందని ఆపకూడదు. వయసుకు తగ్గ తరగతిలోనే కూర్చోబెట్టాలి, వెనకబడిన పాఠాలకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. 12న బడి తెరిచిన రోజే మీరు వెంట వెళ్ళండి. అక్కడ మధ్యాహ్న భోజనం ఉంటుందని తల్లికి చెప్పండి, అది చాలా పనిచేస్తుంది. సాయంత్రం బడి విడిచాక తల్లి పని అయ్యేదాకా ఆ పిల్ల ఎక్కడ ఉండాలన్నది అసలు చిక్కు. మీ వరండాలో మీ పాపతో హోంవర్క్ చేసుకోనివ్వండి.

తల్లి కూలి కూడా చూడండి. పిల్ల చేయి తోడైతే తప్ప సాలు పూర్తికాదు అన్నట్టు పని కట్టి ఇస్తే, మనం నోటితో వద్దన్నా లాభం లేదు.

---

నారుమడి
ఇబ్రహీంపట్నం వైపు
జూన్ 9, మధ్యాహ్నం 2:50

పై రెండు పోస్టులూ ప్రతి ఒక్కరూ చదవాలి.

డబ్బుల గురించి చెప్తాను. మా ఇంట్లో పని చేసినందుకు కూలి ఇవ్వం. తిన్న కంచం కడిగినందుకు, దూడకు నీళ్ళు పెట్టినందుకు డబ్బులిస్తే, రేపు డబ్బు వద్దనుకున్న రోజు దూడ దాహంతో ఉంటుంది. కానీ పిల్లలు పూర్తిగా చూసుకున్నదాంట్లో మిగులు అమ్మితే ఆ డబ్బు వాళ్ళదే. మా పాప నాటుకోడి గుడ్లు ఎల్బీనగర్‌లో మా చెల్లి ఉండే అపార్ట్‌మెంట్‌కు పంపుతుంది. దాణా ఖర్చు తీసేసి మిగిలింది రాసుకుంటుంది.

మా అబ్బాయీ మీ అబ్బాయిలాంటివాడే. మట్టి ముట్టుకోడు. వాడికి డ్రిప్, అంటే మొక్కల మొదట్లో చుక్కచుక్కగా నీళ్ళు వదిలే పైపులు, అప్పజెప్పాం. గంటకు 4 లీటర్ల డ్రిప్పర్ అయితే 15 నిమిషాల్లో లీటరు నీళ్ళు పడాలి. వాడు లీటరు గిన్నెలు పట్టుకుని వరుస మొదట్లో ఒకటి, మధ్యలో ఒకటి, చివర ఒకటి పెట్టి టైము చూశాడు. చివరి గిన్నె సగం కూడా నిండలేదు. ఫిల్టరు విప్పితే జాలి నిండా ఎర్రటి బురద. లైన్ల చివర మూతలు తీసి మోటరు వేయమన్నాడు, నీళ్ళు చాయ రంగులో వచ్చి వచ్చి తేటపడ్డాయి. వంకాయ మళ్ళు చివర్లో ఎందుకు వాడుతున్నాయో నేను పురుగు అనుకుంటుంటే వాడు పట్టుకున్నాడు. ఆ తర్వాత వాడిని పిలవాల్సిన పని లేకుండా పోయింది.

వాడు పాల లెక్క కూడా రాశాడు. తౌడు, చెక్క, ఎండుగడ్డి కొన్న ఖర్చు వేస్తే మా బర్రె పాలు ప్యాకెట్ పాలకంటే ఎక్కువ పడుతున్నాయని తేల్చి మా ముందు పెట్టాడు. పచ్చిగడ్డి మనమే పెంచితే దాణా తగ్గుతుందన్నాడు. గట్ల మీద నేపియర్ గడ్డి కణుపులు నాటాం, హెడ్జ్ లూసర్న్ అనే పశువుల మేత మొక్క కూడా వేశాం. ఇక్కడ గట్టిగా చెప్పాలనుకుంటున్నా. పని ఇచ్చి, ఆ పని గురించి నిర్ణయం మాత్రం మనమే తీసుకుంటే 13 ఏళ్ళవాడు దగ్గరికి రాడు. వాడి మాట విని పొలంలో ఏదో ఒకటి మారాలి.

ఇంకొకటి. అబ్బాయికి మోటరు, అమ్మాయికి వంటిల్లు అని తెలియకుండానే పంచేస్తాం. మా ఇంట్లో ఆరు నెలలకోసారి మార్చుకుంటారు. వాడు రొట్టె చేస్తాడు, కందిపప్పు విసురుతాడు. పాపకు మోటరు స్టార్టర్ ఎందుకు ట్రిప్ అవుతుందో తెలుసు, కానీ ఆ డబ్బా మూత పెద్దవాళ్ళం తప్ప ఎవరూ తీయం.

---

సూదిమందు
జహీరాబాద్, నర్సు
జూన్ 9, సాయంత్రం 6:15

స్టార్టర్ మాట వచ్చింది కాబట్టి ప్రమాదాల గురించి రాస్తాను. మా ఆసుపత్రికి వచ్చే పిల్లల్ని చూసి రాస్తున్న మాటలివి.

అన్నిటికంటే ముందు సేద్యపు కుంట. ప్లాస్టిక్ షీటు పరిచిన కుంట చూడటానికి ఈత కొలనులా ఉంటుంది, కానీ తడిసిన షీటు మీద కాలు నిలవదు. ఈత వచ్చిన పెద్దవాళ్ళు కూడా పైకి ఎక్కలేక మునిగిపోతారు. చుట్టూ కంచె, తాళం వేసిన గేటు ఉండాలి. నాలుగు వైపులా ముడులు వేసిన మోకులు గట్టి గుంజలకు కట్టి నీళ్ళలోకి వదలాలి, గాలి నింపిన ట్యూబు ఒకటి ఎప్పుడూ అక్కడే ఉండాలి. ఈ రోజే చేయండి. నీళ్ళు పడని బోరుగుంత ఉంటే మూత వెల్డింగ్ చేయించండి, రాయి పెట్టి వదలొద్దు.

గడ్డి కోసే మిషన్ దగ్గరికి ఏ వయసు పిల్లలూ వద్దు. ట్రాక్టర్ మడ్‌గార్డ్ మీద కూర్చోబెట్టుకుని తిప్పొద్దు, ఎంత బతిమాలినా సరే.

పురుగుమందు డబ్బా మీద త్రికోణం ఉంటుంది. ఎరుపు అత్యంత విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ కూడా పిల్లల చేతికి వద్దు. ఖాళీ డబ్బా కడిగి నీళ్ళకు వాడొద్దు. మేం సేంద్రియమే అనుకునేవాళ్ళు కూడా ఒకటి చూసుకోండి, పచ్చిమిర్చి వెల్లుల్లి కషాయం కంట్లో పడితే పిల్లలు తట్టుకోలేరు. జీవామృతం (పేడ, గోమూత్రంతో చేసే ఎరువు) కలిపాక చేతులు సబ్బుతో కడగాలి, పేడలో ధనుర్వాతం సూక్ష్మజీవులు ఉంటాయి. ధనుర్వాతం టీకాలు ఏ వయసులో వేయించాలో చూసుకోండి.

వానాకాలం పాముల కాలం. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, ఈ నాలుగే మన దగ్గర ఎక్కువ ప్రాణాలు తీస్తాయి. కట్లపాము రాత్రి పూట కింద పడుకున్నవాళ్ళని కాటేస్తుంది, నొప్పి కూడా అంతగా తెలియదు. పిల్లలు మంచం మీద, దోమతెర లోపల పడుకోవాలి. గడ్డివాములో చేయి పెట్టే ముందు కర్రతో తట్టాలి. కాటు పడితే కట్టు బిగించొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు, మంత్రం దగ్గరికి వద్దు. కాలు చేయి కదలకుండా పడుకోబెట్టి 108కి ఫోన్ చేసి, విషానికి విరుగుడు సూది ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. మీకు దగ్గర్లో అది ఏ ఆసుపత్రిలో ఉందో ఇప్పుడే కనుక్కుని గోడ మీద రాసిపెట్టండి.

---

గడ్డివాము
మేడ్చల్
జూన్ 10, ఉదయం 5:50

అందరూ ఇష్టం, వీలు అంటున్నారు. పొలంలో అన్నీ ఇష్టంతో జరగవు. తెల్లారేసరికి ఆవు పొదుగు నిండి ఉంటుంది, నిద్ర వస్తోందని ఆపలేం. మా పిల్లలకు ఆదివారం కూడా సెలవు లేదు, దానివల్లే వాళ్ళకు బాధ్యత వచ్చింది. ఈ రోజు నా వల్ల కాదు అనే మాట అలవాటైతే రేపు ఉద్యోగంలోనూ అదే అంటారు.

---

మోటబావి
జూన్ 10, ఉదయం 6:30

అన్నా, ఆవు ఆగదన్న మాట నిజమే. అందుకే ఆవు భారం పెద్దోళ్ళ మీద ఉండాలె. పిల్లలు మనకు తోడు. మా ఇంట్ల ఎవలికన్న చాతకాకుంటె రాత్రే చెప్పాలె, పొద్దుగాల లేవకుంట పండుకునుడు నడ్వది. రాత్రి చెప్తె ఆ పని ఇంకొకలు అందుకుంటరు. చెప్పకుంట ఎగ్గొడితేనే కోపం. పిల్లలకు నేర్పాల్సిన బాధ్యత అంటే నాకు గిదే అనిపిస్తది.

ఆదివారం సెలవియ్యి అన్నా. దోస్తులతోని ఆడుకోనియ్యి.

---

కొర్రకంకి
యాచారం
జూన్ 10, రాత్రి 8:45

నాకు 17 ఏళ్ళు. మీరు మాట్లాడుకుంటున్న ఆ పిల్లల్లో నేనూ ఒకదాన్ని. నాకు ఆరేళ్ళప్పుడు మా అమ్మానాన్న దిల్‌సుఖ్‌నగర్ నుంచి పొలానికి వచ్చేశారు. పెద్దవాళ్ళే రాస్తున్నారు కాబట్టి మా వైపు నుంచి చెప్తాను.

నాకు పొలం ఇష్టం. బీర, సొర, టమాటా విత్తనాలు మా ఇంట్లో నేనే దాస్తాను. కందులకు ఎర్రమన్ను పట్టించి ఎండబెట్టడం మా ఊరి అవ్వ దగ్గర నేర్చుకున్నా, ఏడాదైనా పురుగు పట్టలేదు. ఇంటర్ బైపీసీ చదువుతున్నాను, రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో సీటు రావాలని నా కోరిక.

నచ్చనివి కూడా ఉన్నాయి. నేను పేడ కలుపుతుంటే, నారు మోస్తుంటే ఫోటోలు తీసి పెట్టేవాళ్ళు. ఆదివారం చూడటానికి వచ్చే ఆంటీలు, అంకుల్స్ నన్ను నిలబెట్టి వీడియోలు తీసేవాళ్ళు, "చూడండి ఎంత మంచి పిల్లో" అని. నేను చిరాకుగా ఉన్న రోజు కూడా నవ్వాల్సి వచ్చేది. పదో తరగతిలో గట్టిగా చెప్పాక ఆపారు. మీ పిల్లలు పని చేసేది వీడియో కోసం కాదు. దయచేసి అడక్కుండా తీయకండి.

రెండోది స్నేహితులు. పుట్టినరోజులకు వెళ్ళాలంటే బస్సు, చీకటి పడితే తిరిగి రావడం కష్టం. ఆ అబ్బాయి "నేను రమ్మనలేదు" అన్నాడంటే నాకు వినిపించేది పని గురించి కాదు. మియాపూర్‌లో వాడి దోస్తులు ఉన్నారు. నెలకు రెండుసార్లు అక్కడికి తీసుకెళ్ళండి ఆంటీ, లేదా వాళ్ళనే ఇక్కడికి పిలిచి రాత్రి ఉండనివ్వండి.

మూడోది, పని ఎందుకో చెప్పండి. పచ్చిరొట్టకు జీలుగ చల్లి పూత దశలో దున్నేస్తుంటే చిన్నప్పుడు ఏడ్చాను, పెరిగిన పంటను పాడుచేస్తున్నారని. నత్రజని నేలకు చేరాలని ఎవరైనా చెప్పి ఉంటే నేనే వచ్చి చూసేదాన్ని.

---

బడిపంతులు
జూన్ 10, రాత్రి 9:30

తల్లీ, నీ పోస్టు మా మనవరాలికి చదివి వినిపించాను. జీలుగ వేరు పీకి బుడిపెలు కోసి చూడమ్మా, లోపల లేత ఎరుపు ఉంటే అవి నత్రజని పట్టే పని చేస్తున్నట్టు. బైపీసీ పిల్లవు, నీకు తెలిసే ఉంటుంది. సూదిమందు గారూ, మీ జహీరాబాద్ దగ్గరే మాచనూరులో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ వాళ్ళ పచ్చసాలె ఉంది కదా, మామూలు చదువుతోపాటు చేతిపనులు నేర్పే బడి. అలాంటిది పట్నం చుట్టుపక్కల కూడా ఉండాలని నా ఆశ.

---

తంగేడుపూలు
జూలై 4, రాత్రి 9:15

ఇన్ని రోజులు విత్తనాల పనిలో పడి రాయలేకపోయాను. ఎవరెవరు చెప్పింది ఎంతవరకు వచ్చిందో చెప్పాలి కదా.

కలుపుకు వచ్చే అక్క కూతురు ఊరి బడిలో చేరింది. మేం భయపడినట్టు కాగితాల దగ్గర ఆగలేదు, హెడ్‌మాస్టరు గారు వెంటనే రాసుకున్నారు. చిక్కు వేరేచోట వచ్చింది. పిల్ల సంపాదన లేకపోతే ఇల్లు గడవదని తండ్రి ఒప్పుకోలేదు. ఇప్పుడు అక్కకు వారం పొడుగునా పని మా దగ్గరే ఉండేలా చూసుకున్నాం, మాకు అవసరం లేని రోజు పక్క చేను వాళ్ళతో మాట్లాడాం. ఎంతకాలం నిలుస్తుందో చూడాలి, కానీ పత్తిచేను గారు అడుగుతూనే ఉండండి, మాకు బలం.

కుంట చుట్టూ కంచె అయింది, మోకులు కట్టాం.

పాప కోడిని కూర్చోబెట్టింది. ఏడో రోజు రాత్రి ఫోన్ లైటు మీద నరాలు చూసి నాన్నను ఆఫీసు కాల్ మధ్యలోంచి లాక్కొచ్చింది. తొమ్మిది పిల్లలు వచ్చాయి, రెండింటిని గద్ద తీసుకెళ్ళింది. జాలి తనే కట్టించింది.

బాబు ఇప్పటికీ కలుపు మడిలోకి దిగడు. వాడిని అడగడం మానేశాను. కొర్రకంకి చెప్పినట్టు ఇద్దరు దోస్తుల్ని పిలిచాం, ముగ్గురూ కలిసి డ్రిప్పర్ల కింద గిన్నెలు పెట్టారు. మా లైన్లూ చివర్లో తక్కువే ఇస్తున్నాయి. పోయిన వారం ఒక రాత్రి నారుమడి గారి పోస్టు వాడే తీసి చదివి, మనం కూడా గట్ల మీద హెడ్జ్ లూసర్న్ వేద్దామా అని అడిగాడు. విత్తనం తెచ్చాం. నాలుగు రోజులైంది, మచ్చుకు చల్లినవి సగం కూడా మొలవలేదు. వాడు దిగులుగా ఉన్నాడు. ఏం చేయాలి?

---

మోటబావి
జూలై 4, రాత్రి 9:50

దిగులు వద్దని చెప్పు. ఆ గింజ పొట్టు మస్తు గట్టిది, ఉత్తగ చల్లితే అన్ని మొలవయి. నీళ్ళు మరగబెట్టి దించి, జెరసేపు ఆగినంక గింజలు అండ్ల వేసి నాలుగైదు నిమిషాలుంచి తియ్యాలె. వెంటనే చల్లనీళ్ళల్ల పోసి రాత్రంత నాననియ్యాలె. పొద్దుగాల ఉబ్బినయి ఏరి గట్టు మీద సాళ్ళు తీసి పెట్టుకోవాలె, లోతు ఎక్కువ వద్దు. మరిగిన నీళ్ళ పని నువ్వు చెయ్యి చెల్లె, తతిమ్మాది మొత్తం పొలగానికి వదిలెయ్. నానబెట్టినయి ఒక సాలు, నానబెట్టనియి ఒక సాలు పెట్టి ఏవి ఎన్ని మొలిచినయో లెక్క రాయమను. ఆ లెక్క ఇక్కడ వాణ్ణే పెట్టమను, నాకూ కావాలె.